నొక్కితే పైకి లేచే బ్రెడ్

"చెత్తబుట్టలోంచి తీసింది మళ్ళీ బల్ల మీద పెడతావా?" అన్నాడు భర్త.

"కవరు కూడా విప్పలేదు. బుట్టలో పడేసిందెవరు?" అంది భార్య, బ్రెడ్ ప్యాకెట్టు తుడుస్తూ.

"నేనే," అంది అత్తగారు కుర్చీలోంచి. "సందు చివరి బేకరీది ఇంట్లోకి తేవద్దన్నానా లేదా? ఆ పిల్ల రబ్బరు కలుపుతోందట. వీడియో చూళ్ళేదూ?"

చూడనివాళ్ళెవరు? ఒక చెయ్యి బ్రెడ్‌ని నొక్కుతుంది. అది మళ్ళీ పైకి లేస్తుంది. వెనక భయపెట్టే సంగీతం, సగం తెర నిండా 'రబ్బరు బ్రెడ్, మీ పిల్లలు జాగ్రత్త' అని ఎర్రటి అక్షరాలు. నాలుగు రోజులుగా ఆ బేకరీ మెట్లెక్కిన మనిషి లేడు. ఆ పొద్దున కోడలు వెళ్ళేసరికి బేకరీ అమ్మాయి అమ్ముడుపోని బ్రెడ్లు గోనెసంచిలోకి ఎత్తుతోంది. "ఆదివారం దాకా చూస్తానక్కా. ఆ తర్వాత షట్టర్ దింపేసి ఎక్కడో పనికి కుదురుకుంటా," అంది.

"ఇంతమంది పంపితే అబద్ధమెలా అవుతుందే?" అంది అత్తగారు.

"ఇంతమందిలో కళ్ళారా చూసినవాళ్ళెవరో కనుక్కుంటాను."

"నువ్వేమన్నా పోలీసువా?" అన్నాడు భర్త.

"కాదు. ఆ బ్రెడ్ తినేదాన్ని."

ఆమె ఎవరితోనూ వాదించలేదు. అందరినీ ఒకటే అడిగింది, "మీకెవరు పంపారు?" అని. పై అంతస్తు నర్సు టైలరమ్మ పేరు చెప్పింది. టైలరమ్మ తన తోడికోడల్ని చూపించింది. ఆవిడ "అందరూ పంపుతున్నారు కదా" అని తప్పించుకోబోయింది. "అందరి నంబరూ నాకెందుకు వదినా, ఒక్కరిది ఇవ్వండి," అని ఈమె అక్కడే చతికిలపడింది. ఆరో మనిషి ఫొటో స్టూడియో ఆయన. మాటలు తీసేసి, సంగీతమూ అక్షరాలూ అతికించింది తనేనని నవ్వుతూ ఒప్పుకున్నాడు. "సరదాకి చేశానమ్మా. తీసేస్తాలెండి."

"తీసేస్తే చాలదు, అతికించింది మీరేనని రాయండి," అని దగ్గర కూర్చుని సందువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాయించింది. ఎవరూ నమ్మలేదు. బేకరీవాళ్ళే రాయించారన్నారు. ఆయనకి పంపిన ఏడో మనిషి దగ్గర అసలు వీడియో దొరికింది, మాటలతో సహా.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె చెప్పింది. "ఈ వీడియో తీసినవాళ్ళని రేపు బేకరీ ముందుకి తీసుకెళ్తున్నాను."

"దొరికారా? వదలకు," అంది అత్తగారు. "ఒక ఆడపిల్ల పొట్ట కొడతారా? నిజమైతే మొహం చూపించి చెప్పాలి, కాదంటే పదిమంది ముందు ఆ బ్రెడ్ తినాలి."

"తినకపోతే?"

"నేనొచ్చి తినిపిస్తా."

కోడలు ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది. అదే చెయ్యి, అదే బ్రెడ్. సంగీతం లేదు. "చూశావా చెల్లీ, నొక్కితే ఎలా పైకి లేస్తోందో. దూదిలా ఉంది. మా సందు చివరి పిల్ల చేతిలో ఏదో మహిమ ఉందే," అంటోంది అత్తగారి గొంతు.

భర్త చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. అత్తగారు తన వేళ్ళ వంక కాసేపు చూసుకుంది.

"రేపు నువ్వే తియ్యి," అంది చివరికి. "ఈసారి నా మొహం కూడా పడాలి. నా మాట కత్తిరించే మొనగాడెవడో అప్పుడు చూస్తా."