తెల్ల పానకం

లక్ష్మణమ్మను సోడా దాలయ్య చంపాడు.

నౌపడ స్టేషను బయట టీకొట్లో ఎవరడిగినా, అడక్కపోయినా నరసింగరావు ఈ మాట చెప్పేవాడు. లక్ష్మణమ్మ అతని భార్య.

దాలయ్య ఆ ఊరివాడు కాదు. ఆ వేసవిలో అమ్మవారి పండగకు చాటింపు వేశాక గోలీసోడా బండి తోసుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు సోడాలు అమ్ముకోక ఇల్లిల్లూ తిరిగి ఆరా తీశాడు.

"ఈసారి ఘటం ఎవులెత్తుతారమ్మా?"

"నరసింగరావుగారి ఆవిడ."

"ఆవిడికి సుగరేటైనా ఉన్నాదేటి?"

ఉంది. తీపి ముట్టొద్దని టెక్కలి డాక్టరు చెప్పాడు కూడా. నరసింగరావు నమ్మలేదు.

"సుగరు షావుకార్ల జబ్బు. చోడంబలి తాగీ కొంపలో దానికేటి పని?" అని డాక్టరు మొహం మీదే అన్నాడు.

ఆ ఊళ్లో అమ్మవారి ఘటం నెత్తికెత్తుకున్న ఆడది ఆ పూటకు అమ్మవారే. ప్రతి గడపలోనూ కాళ్లకు పసుపునీళ్లు పోసి గ్లాసుడు పానకం ఇస్తారు. తాగకపోతే ఆ ఇంటిని అమ్మవారు కాదన్నట్టు.

పండగనాడు ముందు డప్పులు, వెనక ఘటం. కొత్త పంచె కట్టుకుని నరసింగరావు పక్కనే నడిచాడు. ఇన్నాళ్లకు ఘటం వంతు తన ఇంటికొచ్చింది.

వీధి మలుపులో అప్పలసూరి గడప దగ్గర గ్లాసు చూసి ఆగాడు.

"ఏటిది? పానకం తెల్లగా ఉన్నాది?"

అప్పలసూరి భార్య గ్లాసు వెనక్కి తీసుకోబోయింది.

నరసింగరావు గ్లాసు లాక్కుని ఒక గుక్క వేశాడు. మిరియం ఘాటు, యాలకుల వాసన, తీపి. తీపి దిగాక నాలుక మీద చేదు.

"సేదుగా ఉన్నాది! ఏటి కలిపినారు?"

"దాలయ్య బిళ్లలిచ్చినాడు బావా," అన్నాడు అప్పలసూరి. "బెల్లం బదులు ఏసుకోమన్నాడు. లచ్చనమ్మక్క కోసరమని ఈదంతా అవే ఏసినాం."

ఘటం కింద నుంచి లక్ష్మణమ్మ మెల్లగా అంది.

"అవి మంచివేనయ్యా. పెద్దాసుపత్రిలో సుగరోళ్లకి అవే ఇస్తారంట."

"నోర్ముయ్యే. అమ్మోరికి మందుబిళ్లలు తాగిస్తారేటి? విషం ఇది!"

దాలయ్య పరుగున వచ్చాడు.

"విషం కాదు బాబూ. శాకరీను. తీపే గానీ ఒంట్లో సుగరు పెంచదు. ఈ ఒక్క పూట బెల్లం మానిపించండి. మీ కాళ్లట్టుకుంటాను."

పట్టుకున్నాడు. నరసింగరావు ఆ కాలితోనే తన్నాడు. బండి తిరగేశాడు. సీసాలు పగిలి గోలీలు డప్పులవాళ్ల కాళ్ల మధ్య దొర్లాయి. ఖాళీ బండిని తన పశువుల సాలలో పడేయించాడు.

దాలయ్య ఊరు దాటేదాకా ఘటం వైపు తిరిగి చూస్తూనే వెళ్లాడు.

"బెల్లం కొట్టండి," అన్నాడు నరసింగరావు. "సిక్కగా కలపండి. మొదటి గడప కాడ్నుంచి మళ్లీ ఎత్తుదాం."

మళ్లీ ఎత్తారు.

"నోరెండిపోతన్నాదయ్యా. ఇంక నావల్ల కాదు."

"నోరెండితే తాగడానికేటే? తాగు."

తాగింది. ప్రతి గడపలోనూ తాగింది. పండగ పందిరి విప్పకముందే టెక్కలి ఆసుపత్రిలో, తెలివి రాకుండానే పోయింది.

"ఏం తాగిందయ్యా?" డాక్టరు అడిగాడు.

"శాకరీను," అన్నాడు నరసింగరావు.

ఆ ఏడే చలికాలం మొదట్లో పేపర్లో పడింది. అమెరికాలో ఏదో తీపి మందును ఆపేశారట. దాంతో ఎలకలకు రాచపుండు లేచిందట. నరసింగరావు ఆ పేపరు పట్టుకొచ్చి రోజూ టీకొట్లో పైకి చదివేవాడు.

"అది వేరే మందండీ. సైక్లమేటు. దాలయ్యది శాకరీను," అన్నాడు ఒకరోజు స్టేషను గుమస్తా జగన్నాధం.

"ఇదీ తియ్యగా ఉంటాదా, ఉండదా?"

"ఉంటుంది."

"మరింకేటి?"

"మిగిలిన తెల్ల పానకం మేమందరం తాగినాం గదా బావా," అన్నాడు అప్పలసూరి. "ఎలకల కన్నా గట్టోళ్లమేటి మనం?"

కొట్టంతా నవ్వింది. నరసింగరావు నవ్వలేదు.

అప్పుడే ప్యాసింజరు దిగిన ఒక ముసలామె కొట్టు ముందు నిలబడింది.

"నరసింగరావుగారంటే ఎవులు బాబూ? నాను దాలయ్య అప్పని, జగ్గమ్మని. ఆడి బండి మీ సాలలో ఉన్నాదంట. తీసుకెళ్దామని వచ్చినాను."

"ఆడికేటి, మొకం సూపించడానికి సిగ్గా?"

"ఆడు పోనాడు బాబూ. ఇక్కణ్నుంచి వచ్చి మంచమెక్కినోడు మరి దిగనేదు."

నరసింగరావు చేతిలో పేపరు ఆమె ముందు ఆడించాడు.

"పోతే పోనాడు. నీ తమ్ముడు నా పెళ్లాన్ని సంపినాడు."

జగ్గమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"సంపినాడు. కాదన్ను. మీ ఆవిణ్ని కాదు బాబూ, ఆడి పెళ్లాన్ని."

"ఏటి?"

"దానికీ సుగరే. మా ఊర్లో ఘటమెత్తి, పానకం వొద్దన్నాది. నలుగుర్లో నా పరువు తీస్తావేటే అని ఆడే గ్లాసు నోటికెట్టి తాగించినాడు. అది పోయిన కాడ్నుంచి ఆడు ఇల్లట్టుకోనేదు. ఎక్కడ పండగ సాటింపయితే అక్కడికి ఆ బిళ్లలట్టుకుని పోయీవోడు. సోడాబండి వొట్టి సాకు."

"బావా..." అన్నాడు అప్పలసూరి.

నరసింగరావు పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

"బండి సాలలోనే ఉన్నాది, పట్టుకెళ్లమను. ఈ ఊసు ఇంక నా కాడ ఎవులూ ఎత్తకండి."

లక్ష్మణమ్మ ఎలా పోయిందని ఆ తర్వాత ఎవరడిగినా నరసింగరావు నోరు విప్పలేదు.