పందొమ్మిది పనులు

పదకొండు దాటినా రిజిస్టరులో మొదటి పేజీ తెల్లగానే ఉంది. మాస్టారు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు.

"ఇరవై మంది చాలు. అయిదింటి దాకా టైముంది," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

ఆయన రిటైరైన స్టేషన్ మాస్టారు. జలాశయం ఒడ్డున ఉన్న ఈ తెరచాప పడవల క్లబ్బుకు పదహారేళ్లుగా కార్యదర్శి. జీతం లేని కొలువు కనుక పోటీ కూడా లేదు. మహమ్మారికి ముందు సెలవురోజు వస్తే నలభై మంది వచ్చి ఇక్కడ ఊరికే చాకిరీ చేసేవారు. మాస్కులు తీశాక మొహాలు చూసుకోవచ్చనుకుంటే, అసలు మనుషులే కనిపించకుండా పోయారు. ఒకరికి మోకాళ్లు అడ్డమొచ్చాయి, ఒకరికి మనవలు, ఇంకొకరికి సోఫా. మిగిలింది నలుగురు: మాస్టారు, ఆయన భార్య, అధ్యక్షురాలైన పళ్ల డాక్టరమ్మ, తెరచాపలు కుట్టే దర్జీ. ఈ సాయంత్రం అయిదింటిలోగా కొత్తవాళ్లు ఇరవై మంది చేరకపోతే స్థలం వదులుకుంటున్నట్టు రాసిచ్చేయమని జలాశయం ఆఫీసు తేల్చి చెప్పింది. అందుకే రెండేళ్ల మూత తర్వాత ఇవాళ సభ్యత్వాల రోజు పెట్టారు. ఊరంతా కరపత్రాలు పంచారు. ఫోను ఎత్తే మనిషి లేడు కాబట్టి, "ఫోన్ చేయనక్కర్లేదు, నేరుగా వచ్చేయండి" అని ఎర్రక్షరాలతో వేయించారు.

గోడ మీద మాస్టారి జాబితా వేలాడుతోంది. పందొమ్మిది పనులు, ఒక్కోదానికి ఎదురుగా ఒక్కో పేరు. గుమ్మంలో నవ్వుతూ నిలబడటం డాక్టరమ్మ పని. నవ్వుతూనే పన్ను పీకే మనిషికి అది కొట్టిన పిండి. లైఫ్ జాకెట్లు తొడిగించడం దర్జీది, టీ మాస్టారి భార్యది. చక్కెర టీలోనే కలపాలా, విడిగా పెట్టాలా అన్నదానికి కూడా ఒక నంబరుంది. క్లబ్బు పుట్టినప్పటి నుంచి ఉన్న కట్టుబాటు ఒకటే: ఎవరి పని వాళ్లది, పక్కవాళ్ల పనిలో వేలు పెట్టకూడదు. జాబితాలో లేనిది పనే కాదు.

మాస్టారి భార్య చెప్పులకంటిన బురదను మెట్టుకేసి గీకుతోంది. పక్కనున్న పడవల రిపేరు షెడ్డు సందులోంచి నడిచి వచ్చారు నలుగురూ. లాక్‌డౌన్లో పడవల్లో నిలిచిన వాననీళ్లు తోడటానికి అటునుంచే వచ్చేవారు. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

"వచ్చేవాళ్లని కూడా ఈ బురదలోనే నడిపిస్తారా?" అంది.

"వాళ్లకేం ఖర్మ? చుట్టాలకి ముందు గేటు దోవ. మనం ఇంటివాళ్లం," అన్నారు మాస్టారు దర్జాగా.

పన్నెండున్నరకు చెట్ల అవతల, రోడ్డు వైపు నుంచి హారన్ల మోత మొదలైంది. లోకమంతా షికార్లకు బయల్దేరింది, ఇటు తప్ప, అని నిట్టూర్చింది డాక్టరమ్మ. పిల్లల అరుపులు కూడా వినిపిస్తున్నాయన్నాడు దర్జీ.

"పార్కుకి పోతుంటారు. అక్కడ బాతు బొమ్మ పడవలుంటాయి, కూర్చుని తొక్కితే చాలు. గాలిని కనిపెట్టి తెరచాప తిప్పే ఓపిక వీళ్లకెక్కడిది?" అన్నారు మాస్టారు.

"ఒక్కసారి వెళ్లి చూసి రాకూడదూ?" అంది భార్య.

"రిజిస్టరు నాది. అయిదు దాకా ఈ కుర్చీ వదిలేది లేదు. పదమూడో పని, చదువుకో."

ఆవిడ చదువుకోలేదు. తన పని తనదే కాబట్టి, చల్లారిన టీ పారబోసి మళ్లీ పెట్టింది.

మూడింటికల్లా ఆ సందడి కూడా సద్దుమణిగింది. డాక్టరమ్మకు నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. దర్జీ లైఫ్ జాకెట్లు రంగుల వారీగా పేర్చి, తోచక, సైజుల వారీగా మళ్లీ పేర్చాడు. నాలుగింటికి మాస్టారు తెల్లకాగితం తీశారు.

"ఇంకో వారం గడువు అడుగుదామండీ. ఎందుకు రాలేదో కనుక్కుందాం," అంది భార్య.

"ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలా? రమ్మన్నాం. రాలేదు. జనానికి అక్కర్లేదని తేలిపోయింది."

డాక్టరమ్మ అవునంది. దర్జీ తల వంచుకున్నాడు. మాస్టారు ఉత్తరం మొదలుపెట్టారు. ఉద్యోగమంతా బండ్లను సాగనంపి తాను ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోయిన మనిషి ఆయన. గాలి నిండిన తెరచాప కిందే, జీవితంలో మొదటిసారి, తానూ బయల్దేరారు. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. "ప్రజల్లో ఆసక్తి లేనందున" అని రాశారు. నలుగురూ సంతకాలు పెట్టారు. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని సందులోంచి వెళ్లి స్కూటరెక్కింది. అయిదుకు పది నిమిషాలుండగా ఆఫీసులో ఇచ్చేశానని ఫోన్ చేసింది.

మాస్టారు ఖాళీ రిజిస్టరు మూశారు. జాబితాను గోడ మీంచి తీసి, మడతలు పడకుండా చుట్టారు. పందొమ్మిదింటిలో ఒక్కటీ తప్పలేదన్న తృప్తి ఒక్కటే మిగిలింది. మేకుకున్న తాళంచెవుల గుత్తి అందుకుని సాలెగూడు దులిపారు.

"ముందు గేటుకి తాళం వేసొస్తాను."

"అది జాబితాలో లేదుగా?" అంది భార్య.

"లేదు. ఆఖరిసారి, నా చేత్తోనే వెయ్యాలనుంది."

పావు కిలోమీటరు మట్టిబాట. మాస్టారు మెల్లగా నడిచారు. మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి నీళ్ల వైపు చూశారు. గాలి బాగుంది. కళ్లు తుడుచుకుని వెదురు పొద దాటారు, గుత్తిలోంచి పెద్ద తాళంచెవి వెతికి పట్టుకున్నారు, గేటు ముందు నిలబడ్డారు.

రెండేళ్ల కిందట తాను వేసిన తాళం ఇంకా అలాగే ఉంది.