వీధిదీపంలో గూడు

పట్నం మార్కెట్లో పక్షులకు రోజూ నూకలు పంచే పెత్తనం కాకిది. కాకికి పెత్తనమొస్తే మెడ ఎంత సాగుతుందో చెప్పక్కర్లేదు. ఒకరోజు కొత్త నియమం వచ్చింది. గూట్లో దీపమున్నవాళ్లు కలిగినవాళ్లు కాబట్టి వాళ్లకు నూకలుండవు.

పిచ్చుక గూడు వీధిదీపం గొడుగులో ఉంది.

"అది ఊరి దీపం అన్నా! ముగ్గురు పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు," అంది పిచ్చుక.

"అయితే గూడు పీకేసి రా. నీ పేరు మళ్లీ రాస్తా," అంది కాకి.

"పరక పరక తెచ్చి కట్టుకున్నాను. నీ గుప్పెడు నూకల కోసం పీకుతానా?"

పొద్దంతా కాలవగట్లు తిరిగి, పురుగులేరి, రెక్కలు పడిపోతుండగా గూటికి చేరింది. ముగ్గురి కడుపులూ నిండాయి.

"కాకి మామయ్య ఏమన్నాడమ్మా?" అంది చిన్నది.

"మనం కలిగినవాళ్లమట తల్లీ," అంది పిచ్చుక, రొమ్ము విరుచుకుని.