పాడకముందే అచ్చయిన పాట

విలేఖరి రాజేశంను మన్నించమని ఎవరన్నా అడిగితే, ముందుగాల గీ ముచ్చట విని అడగాలె.

అప్పట్ల సిరిసిల్ల వార్తలు కవర్ల పెట్టి నాలుగున్నర బస్సు కండక్టర్‌కు ఇస్తే, రాత్రికి కరీంనగర్ల పేపరాఫీసుకు చేరేవి.

ఆరింటికి సభ ఉంటే రాజేశం మూడింటికే "సభ జరిగింది" అని రాసేటోడు. తక్కిన విలేఖరులు గూడ గంతే.

ఆ రోజు బాలలక్ష్మి సభ.

బాలలక్ష్మి కోరుట్లల బీడీలు చేసే మనిషి. ఆమె ఎర్రజెండా పాటల క్యాసెట్ లేని ఇల్లు ఆ దిక్కు లేకుండె.

ఒక్కసారి పోలీసులు పట్కపోయి ఇడిసినంక ఆరేండ్లు నోరు తెరువలే.

ఆ ఏడాది సభలకు పర్మిషన్ ఇచ్చుడు మొదలైంది. మళ్లా పాడుతనన్నది.

రాజేశం మూడు రోజులు వరుసగ రాసిండు. ఆమె ఫోటో వేయించిండు. ఏ బస్సుకు దిగుతదో గూడ రాసిండు.

నాలుగు దాటింది. బస్టాండ్ హోటల్ల కూసొని రాజేశం ఆఖరి లైను రాస్తున్నడు.

"బాలలక్ష్మి గొంతు విప్పగానే వేలాది జనం ఉర్రూతలూగారు."

రబ్బరు చెప్పులు, మాసిన అంగీ. ఒక ముసలాయన రొప్పుకుంట వచ్చిండు.

"పేపరాయనవు నువ్వేనా బాబూ?"

"నేనే. ఏంది?"

"బాలలక్ష్మి బస్సు దిగంగనే నలుగురు జీపుల ఏసుకొని పోయిండ్రు. జగిత్యాల కాడి నుంచి నేను గూడ అదే బస్సుల వచ్చిన. జీపుకు నంబర్ లేదు."

"సభోళ్లు పంపిన జీపు కావచ్చు."

"సభోళ్లు జుట్టు వట్టి ఎక్కిస్తరా?"

రాజేశం కాయితాలు మలిచి కవర్ల పెట్టిండు.

బయట కండక్టర్ కేకేసిండు. "రాజేశమన్నా! కవర్ ఇస్తవా, నన్ను పొమ్మంటవా?"

"ఒక్క లైను మార్చు బాబూ," ముసలాయన బతిమిలాడిండు. "పట్కపోయిండ్రని రాయి. తెల్లారి పేపర్ల పడితే సంపనీకి జంకుతరు. పడకపోతే సంపుతరు."

"నువ్వు చెప్తే రాయాల్నా? ఆమెకు ఏమైతవు నువ్వు?"

"ఏం గాను."

"నాయినవా?"

"కాదు."

"మరి నీకెందుకే గీ పంచాది? పార్టీ మనిషివా ఏంది?"

ముసలాయన కండువతోని మొఖం తుడుసుకున్నడు.

"ఆమె పాట నాకు బాగ ఎరుక, గంతే. నా పేరు రాసుకో. నేను చూసిన్నని రాయి."

"నీ పేరు రాస్తే పేపర్ అమ్ముడుపోతదా? పోయి నీడకు కూసో పోవే, తాతా."

హోటలోళ్లు నవ్విండ్రు.

కవర్ కండక్టర్ చేతికి పోయింది. ముసలాయన గేటు దాక బస్సు ఎంబడి ఉరికిండు.

జనం ఎనిమిదింటి దాక కూసుండ్రు. బాలలక్ష్మి రాలే.

ఆఫీసుకు ఫోన్ చేద్దామంటే లైను దొరకలేదని రాజేశం తర్వాత చెప్పుకున్నడు.

తెల్లారి మొదటి పేజీల బాలలక్ష్మి ఫోటో. కింద రాజేశం పేరు.

మూడోనాడు సారంగాపూర్ అడవిల ఆమె శవం దొరికింది. పోలీసులు ఎదురుకాల్పులన్నరు.

రెండు నెలలకు జగిత్యాలల ఎంక్వైరీ పెట్టిండ్రు. సభకు పోయినోళ్లు ఒక్కరు సాక్ష్యానికి రాలే. పర్మిషన్లు మళ్లా బందయినయి; పోయినమంటేనే కేసు.

ముసలాయన ఒక్కడే వచ్చిండు. చూసింది చూసినట్టు చెప్పిండు.

సర్కారు వకీలు పేపర్ ఇప్పి ముంగట పెట్టిండు.

"నాలుగింటికి పట్కపోయిన మనిషి సాయంత్రం స్టేజీ మీద ఎట్ల పాడింది పెద్దాయనా?"

"పాడలే సారూ. అది ముందుగాల్నే రాసిండ్రు."

"పాడక ముందే పాడిందని రాస్తరా?" వకీలు నవ్విండు. రాజేశంను పిలిచిండు. "గీ వార్త నువ్వు చూసి రాసిందేనా?"

చూడలేదంటే నౌకరి పోతది.

"చూసే రాసిన సార్."

ఎంక్వైరీ అక్కడికే ఖతం.

ముసలాయన మెట్లు దిగి పోయిండు.

రాజేశం బయటికి వచ్చిండు. వాకిట్ల ఉన్న బంట్రోతు వెంకటిని అడిగిండు.

"ఎవరే గా ముసలోడు? పార్టీ మనిషేనా?"

"పార్టీయా!" వెంకటి నోరు తెరిసిండు. "బుగ్గారం మదన్ మోహన్ రావు దొరను ఎరుగవా అన్నా? బాలలక్ష్మి పాట పాడి, జనాన్ని తోల్కపోయి, ఎర్రజెండాలు పాతిచ్చింది ఆయన చేన్లనే కదా; ఇరవై ఆరెకరాల పదకొండు గుంటలు పోయినయి ఆయనకు."