టిష్యూ పెట్టిన చోటు

"నా టిష్యూ ప్యాకెట్ ఎవరు చింపారు?" నూడుల్స్ గిన్నెతో తిరిగొచ్చిన బూన్ టెక్ ఇంతెత్తున లేచాడు. సీటు కోసం బల్ల మీద టిష్యూ పెట్టి వెళితే, సింగపూర్ ఫుడ్ కోర్టుల్లో ఆ చోటు దయ్యం కూడా ముట్టదు.

అక్కడికి పిట్టల్ని చూడ్డానికే వచ్చే జలేహా పక్క బల్ల నుంచి బైనాక్యులర్స్ దించకుండానే, "అరవకండి అంకుల్, అదిగో దొంగ!" అంది.

పైన వేలాడే పూలకుండీలో తేనెపిట్ట గూడు కడుతోంది. ముక్కున తెల్లటి టిష్యూ ముక్క.

"బొటనవేలంత లేదు, దీనికెంత పొగరు!" అన్నాడు బూన్ టెక్.

ఇంతలో ఊడ్చే లియోంగ్ పొడుగు కర్రతో వచ్చాడు. "జరగండి, గూడు దులిపేయాలి. గిన్నెల్లో చెత్త రాలుతోందట."

"నెల రోజులు ఆగన్నా, గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుంటుంది," జలేహా బతిమాలింది. లియోంగ్ వినలేదు, కర్ర ఎత్తాడు.

బూన్ టెక్ గబుక్కున అడ్డం వచ్చాడు. "కళ్లు కనబడట్లేదా? అది టిష్యూ పెట్టుకుంది!"

లియోంగ్ తలెత్తి చూసి, నాలిక్కరుచుకున్నాడు.

"సారీ అమ్మా," అన్నాడు పిట్టతో.