ఆవును కట్టేసేంత మంచు

"స్టెరాయిడ్ రాయడానికి మీకేం అడ్డమొచ్చింది డాక్టరమ్మా?" అని మరిల్దా కస్సుమంది.

కుడికన్ను ముందు ఒకటే పొగ. ఎరెషిం పట్నంలో ఆమె చేసే పంది మాంసం సాసేజీలంటే జనం పడి చస్తారు. ఆ కన్ను కాస్తా పోతే కత్తి పట్టేదెలా?

"వట్టి స్టెరాయిడ్ వేస్తే పొగ తగ్గినట్టే ఉంటుంది, లోపలి క్రిమి మాత్రం పండగ చేసుకుంటుంది. ముందు దాన్ని చంపే మాత్రలు పడాలి. అవునూ, పచ్చి మాంసం నోట్లో వేసుకుంటావా?"

"ఉప్పు చూడకుండా సాసేజీ ఎవరు చేస్తారమ్మా?"

మాత్రలిచ్చే కిటికీ దగ్గర వరుస కొండచిలువలా పడుకుని ఉంది. ఆమె ముందున్న ముసలాయన దొర్వాలీనో కళ్ళు చికిలించుకుంటూ, సొరబుర్రలోని మాతే కషాయం గొట్టంతో పీలుస్తూ, కోతలు కోస్తున్నాడు.

"మా కొండ మీద మంచు ఎంత చిక్కనంటే అమ్మాయ్, గుంజ అక్కర్లేదు, ఆవును మంచుకే కట్టేసేవాళ్ళం."

"మరి ఎండొస్తే?"

"మంచుతోపాటు ఆవూ పైకి లేచేది. పాలు వానలా కురిసేవి."

"కన్ను పోతుంటే నీ సోది వినాలా తాతా!"

కిటికీలోంచి కేక వినిపించింది. "ఒక్క పెట్టే మిగిలింది. మళ్ళీ ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియాలి."

అది ముసలాయన చేతిలో పడింది. మరిల్దాకు ఏడుపొచ్చింది.

ఆయన వెనక్కి తిరిగి పెట్టె ఆమెకు అందించబోయాడు.

"నువ్వు తీసుకో. మా ఇంట్లో బస్తాడున్నాయి. కోళ్ళకి కూడా ఇవే వేస్తున్నా."

"ఇంటినిండా పెట్టుకుని, మా కళ్ళు పోగొట్టడానికా వరుసలో దూరావు?" అంటూ ఆమె పెట్టె లాక్కుంది.

"తప్పేనమ్మా," అని నవ్వాడాయన.

మాత్రలు పడ్డాయి. వాటి వెనకాలే స్టెరాయిడ్ పడింది. పొగ విడిపోయింది.

ఎండాకాలం వచ్చాక మరిల్దా సాసేజీల బుట్టతో బస్టాండులో దిగింది. బెంచీ మీద అదే ముసలాయన, అదే సొరబుర్ర.

"ఏం తాతా, కోళ్ళకి చూపు బాగుందా?" అని దెప్పింది.

గొంతు పోల్చుకుని ఆయన మురిసిపోయాడు. సొరబుర్ర అందించబోయాడు, ఆమె లేని వైపుకు.

"తాగు అమ్మాయ్. ఇవాళ మంచు మరీ చిక్కగా ఉంది కదూ? రెండు ఆవుల్ని కట్టేయొచ్చు."

నడినెత్తిన ఎండ ఫెళ్ళున కాస్తోంది.