పిల్లి ఎంతుంది?

పెరటి కోడికి ఏడు పిల్లలు. చివరిదానికి ఉన్నదున్నట్టు చెప్పడం రాదు. వానపామును చూస్తే కొండచిలువ అనేది, తూనీగ ఎగిరితే గద్ద వచ్చిందనేది.

"నీ కోతలు ఆపవే," అని నవ్వి, అమ్మ మళ్లీ మట్టి కెలుక్కునేది.

ఒకరోజు అది పరుగెత్తుకొచ్చి, "అమ్మా, పిల్లి," అంది.

ఎంత పెద్దదో చెప్పలేదు. కోరలూ గోళ్లూ ఏమీ కలపలేదు. అందుకే అమ్మ గుండె జారిపోయింది. ఏడింటినీ పిలుచుకుని ముళ్లకంప కిందికి దూరింది. పిల్లి కంప చుట్టూ తిరిగి తిరిగి, ముళ్లు గుచ్చుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి రెక్క కిందినుంచి చిన్న గొంతు వినిపించింది.

"తాటిచెట్టంత ఉంది కదమ్మా?"

అమ్మకు వణుకు ఇంకా తగ్గలేదు.

"అంతకన్నా పెద్దదే తల్లీ," అంది.